వద్దుల కాగితం

మా ఇంట్లో ఎవరికైనా ఒళ్ళు వెచ్చబడితే డాక్టరు కంటే ముందు చారు వచ్చేది. మిరియాలూ జీలకర్రా దంచి వేసి, పప్పుతేట కూడా కలపకుండా పలచగా కాచిన చారు. అందులో మెత్తగా ఉడికిన అన్నం నాలుగు మెతుకులు. మా అమ్మ నాకు అలాగే పెట్టింది, వాళ్ళమ్మ ఆమెకు అలాగే పెట్టింది. మావాళ్ళు మద్రాసుకు ఏ కాలంలో వచ్చారో సరిగ్గా తెలియదు గానీ, వచ్చేటప్పుడు చెంబూ తపేలాలతో పాటు ఈ పథ్యాన్ని కూడా మూట కట్టుకొచ్చారని మాత్రం నమ్మకంగా చెప్పగలను. తర్వాత మాట సగం అరవమైంది, పండగలు సగం అరవమయ్యాయి, పథ్యం మాత్రం చెక్కుచెదరలేదు. లంఖణం పరమౌషధం అనేవారు మా నాన్న. ఆయన ఎనభై దాటి బతికారు కాబట్టి ఆ మాటకు మా ఇంట్లో ఎదురులేదు.

ఇంతకీ నేనేమీ చదువురాని దాన్ని కాను. ముప్పై ఏళ్ళకు పైగా సైన్సు టీచరుగా పనిచేశాను. ఏటా సమతుల ఆహారం పాఠం వచ్చినప్పుడు బోర్డు మీద ఇద్దరు పిల్లల బొమ్మలు గీసేదాన్ని. ఒకడికి ఎముకలు లెక్కపెట్టొచ్చు. రెండో వాడు బుగ్గలు ఉబ్బి బొద్దుగా ఉంటాడు. వీళ్ళలో తిండి చాలని వాడెవడు అని అడిగితే క్లాసంతా మొదటివాణ్ణి చూపించేది. కాదర్రా, ఇద్దరూ అని చెప్పి, వాళ్ళ మొహాలు తెల్లబోవడం చూసి లోలోపల సంబరపడేదాన్ని. ఆ ప్రశ్న నాకు ఎంతో ఇష్టమైన ప్రశ్న.

మా అమ్మాయి కూతురికి నాలుగేళ్ళు. పోయిన ఏడాది రెండు నెలల పాటు విడవని జ్వరం, కాళ్ళనొప్పులు, ఎక్కడ తగిలినా కమిలిపోవడం. రక్తంలో కేన్సరు అన్నారు. ఆ మాట విన్న రోజు ఇంటికి ఎలా వచ్చామో నాకు ఇప్పటికీ గుర్తు లేదు. డాక్టరు మంచివాడు. పిల్లల్లో వచ్చే ఈ రకం చాలావరకు నయమవుతుందనీ, వైద్యం మాత్రం దీర్ఘమనీ, మధ్యలో ఎడం రానివ్వకుండా జరిపించాలనీ నిదానంగా చెప్పాడు. ఎడం ఇస్తే జబ్బుకు మళ్ళీ సందు దొరుకుతుందన్నాడు. ఆ ఒక్క మాట పట్టుకుని ఇల్లంతా నడుం కట్టుకున్నాం.

మాది మైలాపూరులో రెండు గదుల ఇల్లు. అమ్మాయి అంబత్తూరులో ఒక ఇంజనీరింగు కంపెనీలో పనిచేస్తుంది, అల్లుడికి మనలి ఫ్యాక్టరీలో షిఫ్టు డ్యూటీ. ఆస్పత్రికి తీసుకుపోవడం వాళ్ళు వంతులు వేసుకున్నారు. వంటిల్లూ పిల్లా నా వంతు. నన్నెవరూ అడగలేదు, నేనే తీసుకున్నాను. పథ్యం వండటంలో నన్ను మించినవాళ్ళు మా చుట్టాల్లో లేరు మరి.

మొదటిసారి ఆస్పత్రి నుంచి పంపించేటప్పుడు డాక్టర్ని నేను ఒకే ఒక్క ప్రశ్న అడిగాను. పథ్యం ఏమైనా ఉందా అని. మనవాళ్ళు ఎవరైనా అడిగేది అదే కదా. మందు పేరు తెలియకపోయినా ఫర్వాలేదు, ఏం తినకూడదో తెలియాలి. ఆయన బయటి తిండి వద్దు, పచ్చివి వద్దు, నిలవ ఉన్నవి వద్దు అని గబగబా చెప్పి, నర్సు చేత ఒక కాగితం ఇప్పించాడు. కాగితానికి రెండు వైపులా అచ్చు ఉంది. ఒక వైపు పెట్టకూడనివి, రెండో వైపు పెట్టవలసినవి. రెండో వైపు మీద ఒకసారి కళ్ళు పారేసి వదిలేశాను. పప్పు, గుడ్డు, పాలు అని ఏవో ఉన్నాయి. ఇవి నాకు చెప్పాలా, ఊరందరికీ పాఠం చెప్పినదాన్ని, అనుకున్నాను.

ఇంటికొచ్చి ఆ కాగితాన్ని వంటింటి బీరువా తలుపుకి అంటించాను. జిగురు కోసం వెతకలేదు. గిన్నెలో ఉన్న అన్నం మెతుకులు నలిపి వెనక వైపంతా గట్టిగా రాసి అతికించాను. వద్దులన్నీ నా కళ్ళకెదురుగా ఉన్నాయి.

చూడటానికి వచ్చిన చుట్టాలు ఊరికే పోలేదు. మా చెల్లెలు గుడ్డు వేడి చేస్తుందంది. ఆడపడుచు పాలు కఫమనీ, బంగాళాదుంప వాతమనీ చెప్పింది. ఎవరో తీపి తింటే ఆ జబ్బు బలుస్తుందని ఫోనులో వీడియో పంపారు. వేరుశనగ పిత్తం. పెరుగు చలవ. నెయ్యి అరగదు. ప్రతి ఒక్కటీ ఎర్ర బాల్‌పెన్నుతో ఆ కాగితం అడుగున చేర్చుకుంటూ పోయాను. నిజమా అని ఎవర్నీ అడగలేదు. వద్దు అన్న మాటకు మన ఇళ్ళల్లో రుజువు అక్కర్లేదు, తిను అన్న మాటకే పది సందేహాలు. చెప్పినవాళ్ళందరూ ప్రేమతోనే చెప్పారు. నేనూ ప్రేమతోనే రాసుకున్నాను. చివరికి కాగితం మీద చోటు మిగల్లేదు, గిన్నెలో చారన్నం మిగిలింది.

మొదటి నెల ఇచ్చే మాత్రల్లో ఒకటి ఆకలిని విపరీతంగా పెంచుతుందని నర్సు ముందే చెప్పింది. నిజంగానే పిల్ల పొద్దస్తమానం తిండి అడిగేది. బంగాళాదుంపని మా ఇంట్లో అన్నట్టే ఉర్లగడ్డ అంటూ, ఉర్లగడ్డ వేపుడు కావాలనేది, కారప్పొడి నెయ్యి వేసుకుని ఇడ్లీ కావాలనేది. కిటికీ దగ్గర కూర్చోబెట్టి, మేడల ఎత్తున పోయే రైలుని చూపిస్తే రెండు నిమిషాలు చూసి, మళ్ళీ వంటింటి గడప దగ్గరికి వచ్చి నిలబడేది. అది మందు తెచ్చిన దొంగాకలి అని నేను తేల్చేశాను. దొంగాకలికి లొంగితే ఎలా? క్లాసులో అల్లరి పిల్లల్ని అణిచినదాన్ని, నాలుగేళ్ళ పిల్ల ఏడుపుకి కరుగుతానా?

మాట వినకపోతే ఒక కథ చెప్పేదాన్ని. నీ కడుపులో పురుగు ఒకటి నిద్రపోతూ ఉంది, మందు వేసి దాన్ని నిద్రపుచ్చారు, నువ్వు ఇవన్నీ తింటే అది లేచి కూర్చుంటుంది అని. పిల్ల తన పొట్ట మీద చెయ్యి పెట్టుకుని కాసేపు అలాగే చూసేది. రెండు మూడు వారాలకు అడగడం మానేసింది. పెట్టింది తిని, మూతి తుడుచుకుని, బొమ్మల దగ్గరికి పోయేది. పాప్పా ఇప్పుడు పేచీ పెట్టడం లేదు, పథ్యం అలవాటైపోయింది అని అమ్మాయికి గొప్పగా చెప్పాను.

అన్నింటికంటే నన్ను మురిపించింది పిల్ల బుగ్గలు. నెల తిరిగేసరికి మొహం గుండ్రంగా పున్నమి చంద్రుడిలా అయింది. తూకం యంత్రం మీద నిలబెడితే బరువు కూడా కొంచెం పెరిగింది. ఎదురింటావిడ గుమ్మంలోంచి చూసి, ఒళ్ళు బాగా చేసిందే పాప్పా అంది. వెంటనే దిష్టి తీశాను. ఉప్పూ ఎండుమిరపకాయలూ మూడుసార్లు తిప్పి పొయ్యిలో వేస్తే ఘాటే రాలేదు. దిష్టి అంత గట్టిగా తగిలిందన్నమాట. ఆ పూట నుంచి ఎదురింటావిడ కనిపిస్తే పిల్ల మీద కొంగు కప్పేదాన్ని.

మొదటి నెల వైద్యం అయ్యాక పరీక్షలు చేసి, జబ్బు అదుపులోకి వచ్చిందన్నారు. రెండో విడత మందులు ఎక్కించడానికి రమ్మన్న రోజు నేను కూడా వెళ్ళాను. నిజం చెప్పాలంటే మెప్పు కోసం వెళ్ళాను.

మందు గదికి ముందు ఇంకో చిన్న గదిలో తిండి సంగతి చూసే అమ్మాయి కూర్చుని ఉంది. గోదావరి వైపు నుంచి కొత్తగా వచ్చిన పిల్ల. నా తెలుగు విని మొహం విప్పారింది. మా దాన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, గౌను చెయ్యి పైకి జరిపి, భుజానికీ మోచేతికీ మధ్య ఒక టేపు చుట్టింది. దర్జీ టేపు కంటే సన్నగా ఉంది. ఆకుపచ్చ, పసుపు, ఎరుపు పట్టీలున్నాయి. టేపు లాగి చూసింది. వదిలి మళ్ళీ చుట్టి చూసింది. అది ఎరుపు మీద ఆగింది. ఆ అమ్మాయి గొంతు మార్చకుండా, నిన్న పొద్దుట్నించీ పాప ఏం తిందో చెప్పమని నన్నడిగింది.

నేను నిటారుగా కూర్చుని చెప్పాను. పొద్దున సగం గ్లాసు జావ, పలచగా. పదకొండింటికి చారన్నం. సాయంత్రం ఒక ఇడ్లీ, చట్నీ లేకుండా. రాత్రి చారన్నం. నూనె చుక్క తగలనివ్వలేదని కూడా చెప్పాను.

రాస్తున్న పెన్ను ఆగింది.

"అమ్మమ్మగారూ, ఈ చారన్నం ఎంతండీ?"

చేత్తో చూపించాను. ఆ అమ్మాయి నా చేతినే చూస్తూ ఉండిపోయింది. నా చెయ్యి గాలిలో అలాగే ఉంది, దింపాలని తోచలేదు. పక్కన కూర్చున్న మా అమ్మాయి నా వైపు తిరిగింది. నలభై ఏళ్ళుగా చూస్తున్నాను దాని మొహం. ఆ చూపు మాత్రం అంతకుముందెన్నడూ చూడలేదు.

మరి బుగ్గలు, అన్నాను. నాకు దొరికింది ఆ ఒక్క మాటే. ఆ అమ్మాయి కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేది.

"బుగ్గలు చూడకండి అమ్మమ్మగారూ. అది మందు తెచ్చిన వాపు. జబ్బ చూడండి."

చూశాను. ఎన్నాళ్ళుగానో రోజూ స్నానం చేయిస్తున్న చెయ్యి అది. నా బొటనవేలూ చూపుడువేలూ కలిపి చుడితే ఇంకా చోటు మిగిలేలా ఉంది. నా ఎదురుగా నా బోర్డు మీది రెండో బొమ్మ కూర్చుని ఉంది, బుగ్గలు ఉబ్బి, బొద్దుగా. కాదర్రా, ఇద్దరూ. ముప్పై ఏళ్ళు చెప్పాను ఆ మాట. చదవేస్తే ఉన్న మతి పోయిందని సామెత ఊరికే పుట్టలేదు.

డాక్టరు వచ్చి చూశాడు. ఇంత నీరసంగా ఉన్న ఒంట్లోకి రెండో విడత మందులు ఎక్కిస్తే తట్టుకోలేదన్నాడు. మందు జబ్బుని చంపుతుంది గానీ, ఆ దెబ్బకు నిలబడవలసింది ఈ ఒళ్ళేనన్నాడు. రెండు వారాలు ఆపుదాం, ఈలోగా తిండి పెట్టి తీసుకురండి, అంతకుమించి ఆపడం మంచిది కాదు అన్నాడు. ఎడం రాకూడదని అందరం నడుం కట్టుకుంటే, ఆ ఎడం నేను తెచ్చిపెట్టాను. జబ్బు తేలేదు, డాక్టరు తేలేదు, నా గరిటె తెచ్చింది.

ఆటోలో మా అమ్మాయి రోడ్డు వైపు తిరిగి కూర్చుంది. పిల్ల దాని ఒళ్ళో నిద్రపోయింది. ఇల్లు దగ్గర పడ్డాక, రోడ్డు వైపే చూస్తూ అంది.

"నేను దినమూ ఆడ క్యాంటీన్లో కడుపునిండా తిని వచ్చినానమ్మా. ఈడ ఇది ఏం తింటా ఉండాదని ఒక్కదినం కూడా అడగలా."

నన్ను తిట్టి ఉంటే ఏదో ఒక జవాబు చెప్పేదాన్ని.

చెప్పులు విప్పగానే వంటింట్లోకి పోయి బీరువా తలుపు మీది కాగితం లాగాను. రాలేదు. మెతుకులు ఎండి రాయిలా పట్టుకున్నాయి. తడిగుడ్డ అద్ది, గోళ్ళతో గీకి లాగితే పొరలు పొరలుగా చిరిగి వచ్చింది. రెండో వైపు సగం తలుపుకే అంటుకుపోయింది. చేతికొచ్చిన ముక్కల మీద అక్కడక్కడా మాటలు కనబడ్డాయి. బాగా ఉడికించిన గుడ్డు. ముద్దపప్పు, నెయ్యి. కాచిన పాలు. వలిచి తినే అరటిపండు. రెండు గంటలకొకసారి. నెలరోజులు నేను ఆ తలుపు తెరిచి మూసి, తెరిచి మూసి వండాను. పిల్లకు పెట్టవలసినదంతా అన్నంతో అతికించి దాచింది నేనే. కింద కూలబడి ఏడ్చాను. అమ్మాయి వచ్చి చూసి, గుడ్డు ఉడకేయడానికి నీళ్ళు పెట్టింది.

అసలు కష్టం అప్పుడు మొదలైంది. ఆకలి పుట్టించే మాత్ర ఆపేయడంతో ఆకలి కూడా దాంతోనే పోయింది. గుడ్డు వలిచి, నాలుగు ముక్కలు చేసి, ఒకటి నోటి దగ్గర పెడితే పిల్ల పెదాలు బిగించింది. బతిమాలితే తల అడ్డంగా ఊపింది. చివరికి మెల్లగా చెప్పింది, తింటే పురుగు లేస్తుందని.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఏమిటో నాకు ఆ నిమిషంలో తెలిసింది. పురుగు లేదమ్మా, అవ్వ ఉత్తినే చెప్పింది అన్నాను. ఉత్తినే ఎందుకు చెప్పినావని అడిగింది. ఒక ముక్క నేను తిన్నాను. నా పొట్ట మీద చెయ్యి పెట్టి కాసేపు చూసింది. ఏమీ లేవలేదు. అప్పుడు చిటికెనవేలి గోరంత కొరికింది.

రెండు వారాలు ఇంట్లో ఇంకో పని జరగలేదు. గడియారం చూసుకుని రెండు గంటలకొకసారి ఏదో ఒకటి. పప్పన్నంలో నెయ్యి, చిక్కగా కాచిన పాలు, వేయించి పొడి చేసిన వేరుశనగలు కలిపిన బెల్లపు ముద్ద. చెంచాలతో పెట్టాం, కథలతో పెట్టాం, పోయే రైలుకొక ముద్ద లెక్కన పెట్టాం. సగం కక్కేది. కడిగి మళ్ళీ పెట్టేదాన్ని. అల్లుడు షిఫ్టు దిగి వచ్చి, నిద్రపోకుండా కూతురి ఎదుట కూర్చుని తనూ గుడ్డు తినేవాడు. అమ్మాయి ఒక నోటుబుక్కు పెట్టి, తిన్నదంతా రాసింది. ఈసారి రాసే పని నాకివ్వలేదు, నేనూ అడగలేదు. చుట్టాలు ఫోను చేస్తే నేను విసుగ్గా పెట్టేసేదాన్ని. మా చెల్లెలు ఇప్పటికీ నాతో ముభావంగానే ఉంది, ఉండనీ.

పడుకునే ముందు రోజూ పిల్ల చెయ్యి పట్టుకుని వేళ్ళతో చుట్టి చూసేదాన్ని. ఏమీ పెరిగినట్టు ఉండేది కాదు. ఆ రెండు వారాల్లో నాకు పట్టిన భయం జబ్బు పేరు విన్న రోజు కూడా పట్టలేదు. ఆ రోజు తప్పు ఎవరిదీ కాదు.

వాయిదా తీరి మళ్ళీ వెళ్ళాం. అదే గది, అదే అమ్మాయి. పిల్లని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, ఈసారి నన్ను కాదు, దాన్నే అడిగింది.

"నిన్న ఏం తిన్నావు బంగారం?"

పిల్ల తల తిప్పి ముందు నా మొహం చూసింది. తప్పు చేసిన పిల్లలు క్లాసులో నా మొహం ఎలా చూసేవాళ్ళో అలా చూసింది. తర్వాత చేతులు కట్టుకుని చెప్పింది.

"చారన్నం. ఇంకేం లేదు. నేను పథ్యం ఉండా."

ఆ అమ్మాయి నవ్వుతూ మా అమ్మాయి వైపు చూస్తే, అది నోటుబుక్కు తెరిచి ముందుకు జరిపింది. ఇద్దరూ పేజీలు తిప్పుతున్నారు. టేపు చుట్టారు. ఎరుపు దాటి, పసుపులోకి నువ్వుగింజంత జరిగింది. రెండు జబ్బలూ చూసి అదే అన్నారు. డాక్టరు వచ్చి, ఈ మాత్రం చాలు, ఇక ఆగొద్దు, మందు మొదలుపెడదాం, తిండి మాత్రం ఆపకండి అన్నాడు. మా అమ్మాయి రెండు చేతులూ మొహం మీద పెట్టుకుని గట్టిగా ఊపిరి వదిలింది.

మందు గదికి పిల్లని నేను ఎత్తుకున్నాను. వరండా పొడుగునా నా మెడ చుట్టూ చేతులు వేసుకుని ఉంది. ఆ సన్నటి చేతులు మెడకు తగులుతుంటే దాని బరువు చూసుకుంటూ నడుస్తున్నాను. తలుపు దగ్గరికి వచ్చేసరికి నా చెవికి నోరు ఆనించి, ఎవరికీ వినపడకుండా చెప్పింది.

"గుడ్డు తిన్నేది నేను చెప్పలా అవ్వా. నువ్వు కూడా చెప్పొద్దు."